బ్రే స్కూల్ తవ్వకాలు: మట్టిని చూసి "ఇక్కడ బడి నడిచింది" అని చెప్పగలమా?

సౌమ్య_కె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హిస్టారికల్ ఆర్కియాలజీ కోర్సులో వర్జీనియా రాష్ట్రం విలియమ్స్‌బర్గ్‌లోని బ్రే స్కూల్ మీద అసైన్‌మెంట్ రాయాలి. ఇప్పటిదాకా పోగేసింది ఇది: లండన్‌లోని "అసోసియేట్స్ ఆఫ్ డాక్టర్ బ్రే" అనే ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) దాతృత్వ సంస్థ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సలహా మీద 1760 సెప్టెంబరు 29న ఈ బడి తెరిచింది. సర్కారు బడి కాదు, దాతల డబ్బుతో నడిచింది. చదువుకున్నది నల్లజాతి పిల్లలు. ఎక్కువమంది బానిసత్వంలో ఉన్నవాళ్ళే, కొద్దిమంది స్వేచ్ఛ ఉన్నవాళ్ళు. టీచరు ఆన్ వేజర్ ఒక్కరే. 1774లో ఆవిడ పోయాక బడి మూతపడింది. మొదటి ఐదేళ్ళూ, అంటే 1765 వరకు, ప్రిన్స్ జార్జ్ వీధిలో డడ్లీ డిగ్స్‌కి చెందిన ఇంట్లో నడిచింది. ఆ తర్వాత వేరే చోటికి మారింది.

నా సందేహాలు:

ఆ ఇంటిని 1930లో అదే వీధిలో కొంచెం దూరం జరిపారు, 2023లో మళ్ళీ ఇంకో చోటికి తరలించారు. ఇన్నిసార్లు కదిలిన ఇల్లు అసలు బడి ఇల్లేనని ఎలా నిర్ధారించారు?

ఇల్లు లేచిపోయిన ఖాళీ స్థలంలో బడి జాడ ఏం మిగులుతుంది? పలక పుల్లలు (పలక మీద రాసే బలపాలు) దొరికాయని చదివాను. అవి దొరికితే బడి అని రాసేయచ్చా?

మా బ్యాచ్‌లో ఇంకొకరికి మేరీలాండ్‌లోని సోమర్సెట్ అకాడమీ ఇచ్చారు. అది ఊళ్ళో కాదు, పల్లెటూరి నేలలో ఉంది. అలాంటి చోట పద్ధతి ఎలా మారుతుంది?

దూలం_వాసం

మొదటి ప్రశ్న వరకు నేను చెబుతాను, నేల సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు.

ఇంటి వయసు తేల్చింది డెండ్రోక్రోనాలజీ, అంటే చెట్టు వలయాల లెక్క. 2020లో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ (ఆ పాత ఊరిని మ్యూజియంగా నడిపే సంస్థ) వాళ్ళు ఆ ఇంటి లోపలి అసలు చట్రంలోంచి నమూనాలు తీయించారు. ఆ కలపను 1759–60 చలికాలం నుంచి 1760 వసంతం లోపు నరికారని తేలింది. బడి తెరిచింది ఆ సెప్టెంబరులో. నెలలతో సహా కలిసొచ్చింది.

నెలల దాకా ఎలా చెప్పగలరన్నది మీ అసైన్‌మెంట్‌లో తప్పకుండా రాయండి. దూలంలో బెరడు అంటుకుని ఉన్న అంచు వెతుకుతారు. మొత్తం పనికి కీలకం ఆ అంచే. వడ్రంగి చెక్కి పారేస్తే చివరి వలయాలు పోయినట్టే, అప్పుడు "ఫలానా ఏడాది తర్వాత ఎప్పుడో" అన్నంత వరకే చెప్పగలం. అంచు దొరికితే బోలుగా ఉండే డ్రిల్ బిట్‌తో బెరడు వైపు నుంచి చెట్టు గుండె వైపు గుచ్చి, సన్నటి కడ్డీలాంటి నమూనా లాగుతారు. దాన్ని చెక్క గాడిలో జిగురుతో అతికించి, ముతక ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400 నంబరు దాటేదాకా రుద్దుతారు. అంత నునుపు లేకపోతే సన్న వలయాలు కనబడవు, ఒక్కటి తప్పినా లెక్కంతా ఏడాది జరుగుతుంది. మైక్రోస్కోప్ కింద ఒక్కో వలయం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి, ఆ ప్రాంతపు మాస్టర్ క్రమంతో, అంటే ఏడాదులు ముందే తేల్చిన వలయాల వరసతో పోలుస్తారు. యాభై అరవై వలయాలైనా లేని ముక్కతో పోలిక నమ్మలేం, ఎనభై దాటితే ధైర్యంగా చెప్పచ్చు.

కాలం తెలిసేది చివరి వలయంలో. వసంతంలో పెరిగే కలప లేత రంగులో, పెద్ద కణాలతో ఉంటుంది. వేసవి చివర పెరిగేది ముదురుగా, దట్టంగా ఉంటుంది. బెరడు కింద ముదురు పట్టీ పూర్తయి ఆగితే చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, అంటే చలికాలంలో నరికారు. ముదురు పట్టీ దాటి లేత కణాలు ఒకటి రెండు వరుసలు మొదలైతే వసంతంలో నరికారు. అప్పట్లో కలపను పచ్చిగానే చట్రానికి వాడేవాళ్ళు కాబట్టి నరికిన ఏడాదే, మహా అయితే మరుసటేడాది, ఇల్లు లేచినట్టు లెక్క.

పొరపాటు జరిగేది రెండు చోట్ల. పాత ఇంటి దూలం తెచ్చి కొత్త ఇంట్లో వాడి ఉండచ్చు, లేదా అసలు దూలం పుచ్చిపోతే తర్వాతెప్పుడో మార్చి ఉండచ్చు. అందుకే ఒక దూలంతో సరిపెట్టరు. నేల దూలం, మూల స్తంభం, పైకప్పు వాసం, ఇలా వేర్వేరు చోట్ల తీసి, అన్నీ ఒకే కాలం చెబితేనే ఒప్పుకుంటారు. ఇంకో దూలం దూర్చడానికి చెక్కి ఖాళీగా ఉన్న తొర్రలు, అవసరం లేని మేకు రంధ్రాలు ఉన్న కలపను ముందే పక్కన పెట్టేస్తారు.

ఇంకో మాట. వలయాలు చెప్పింది ఇంటి వయసు మాత్రమే, బడి సంగతి వాటికి తెలియదు. బడి అద్దెకున్నది డిగ్స్ ఇంట్లో అన్నది సంస్థ ఉత్తరాలు, లెక్కల వల్ల తెలిసింది. ఆ డిగ్స్ ఇల్లు కూలిపోలేదు, యూనివర్సిటీ ఆఫీసుగా ఇంకా నిలబడే ఉందన్న ఆలోచన అక్కడి విలియం అండ్ మేరీ యూనివర్సిటీలో ఇంగ్లిషు ప్రొఫెసర్ టెర్రీ మేయర్స్ పాత కాగితాలు తిరగేయడం వల్ల వచ్చింది. ఆయన పని లేకపోతే ఆ గోడలో డ్రిల్ పెట్టాలన్న ఊహే ఎవరికీ వచ్చేది కాదు. ఉత్తరాలు, ఆస్తి చరిత్ర, కలప మూడూ కలిస్తేనే రుజువు. "డెండ్రో వల్ల బడి దొరికింది" అని పత్రికలు రాస్తాయి, మీరు రాయకండి.

పొర_పొరకీ

పై సమాధానం బాగుంది. ఇక నేల సంగతి.

సౌమ్య గారూ, ముందు ఒక లెక్క వేయండి. ఆ ఇల్లు ప్రిన్స్ జార్జ్ వీధి, బౌండరీ వీధి కలిసే మూలన 1760 నుంచి 1930 దాకా నిలబడింది. 170 ఏళ్ళు. అందులో బడి ఉన్నది 5 ఏళ్ళు. మూడు శాతం కూడా కాదు. మిగతాదంతా కాపురాలు, అద్దెవాళ్ళు. ఇల్లు తీశాక అక్కడ కాలేజీ వసతిగృహం లేచింది. కాబట్టి ఆ పెరట్లో దొరికే వస్తువుల్లో బడివి గుప్పెడు కూడా ఉండవు. "బడి స్థలంలో దొరికింది" వేరు, "బడి కాలపు పొరలో దొరికింది" వేరు. మీ అసైన్‌మెంట్ మొత్తం ఈ తేడా మీద నడవాలి.

చెక్క ఇంటిని ఎత్తి తీసుకెళ్తే ఏం మిగులుతుందంటే: నేలమాళిగ ఉంటే దాని ఇటుక గోడల అడుగు వరసలు, పొగగొట్టం దిమ్మె, పునాది వేయడానికి తవ్విన సన్నటి కాలవ, మెట్ల గుంత, పెరట్లో గుంజల గుంతలు, చెత్త పరుచుకున్న పలచటి పొర. వసతిగృహాన్ని గేట్స్ హాల్‌గా మార్చే పనుల ముందు జరిగిన తవ్వకంలో ఆ నేలమాళిగ పునాది బయటపడిందని 2025లో ప్రకటించారు. అంతకుముందు 2012, 2013 వేసవుల్లో అదే స్థలం పెరటి భాగంలో విద్యార్థులతో ఫీల్డ్ స్కూల్, అంటే తవ్వకం నేర్పే శిక్షణ, నడిచింది. మీరు చదివిన పలక పుల్లల సంగతి అప్పటిది.

నేలమాళిగ దొరికిందనగానే జనం సంబరపడతారు గానీ, అందులో నిండిన మట్టి ఇల్లు తీశాక పోసింది, 1930 నాటి సామాను దాంట్లో కలిసిపోతుంది. పొరలో అన్నిటికంటే కొత్త వస్తువు ఏదో, ఆ పొర దాని తర్వాతిదే. పనికొచ్చేవి రెండు. మొదటిది పునాది కాలవలో ఇటుకకీ, తవ్విన నేల అంచుకీ మధ్య ఇరుక్కున్న మట్టి. కట్టేటప్పుడే మూసుకుపోయింది కాబట్టి అందులో 1760 తర్వాతి ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే ఎలుక బొరియో, తర్వాత చేసిన మరమ్మతో అని అనుమానించాలి. రెండోది నేలమాళిగ అడుగున తొక్కిడికి గట్టిపడిన సన్న పొర, ఒకటి రెండు సెంటీమీటర్లే ఉంటుంది. దాన్ని పారతో తీస్తే పోతుంది. తాపీతో, చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, ఒక్కో గడిని విడి సంచీలో వేసుకోవాలి.

ఆ ఐదేళ్ళ వ్యవధిని పట్టుకోవడానికి పింగాణీ కొంత సాయపడుతుంది. తెల్లటి సాల్ట్‌గ్లేజ్ (ఉప్పుతో మెరుపు పూత వేసిన) పాత్రలు 1720ల నుంచి వాడుకలో ఉన్నాయి. మీగడ రంగు క్రీమ్‌వేర్ ఇంగ్లండులో 1762 ప్రాంతంలో మొదలైంది, సముద్రం దాటి వర్జీనియా ఇళ్ళలో మామూలు కావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. నీలి ఛాయ ఉండే పెర్ల్‌వేర్ 1775 తర్వాతది. అంచేత పెర్ల్‌వేర్ ఒక్క పెంకు ఉన్నా ఆ పొర బడి వెళ్ళిపోయిన తర్వాతది. సాల్ట్‌గ్లేజ్ ఉండి క్రీమ్‌వేర్ అసలు లేకపోతే బడి కాలపుది కావచ్చు. "కావచ్చు" దగ్గరే ఆగండి, ఎందుకంటే డబ్బు లేని ఇంట్లో పాత పాత్రలే ముప్పై ఏళ్ళు నడుస్తాయి.

మట్టి చిలుం గొట్టాల లెక్క చాలామంది వేస్తారు. గొట్టం రంధ్రాన్ని అంగుళంలో 64వ వంతుల్లో కొలిచి సగటు తీసి, 38.26తో గుణించి, 1931.85లోంచి తీసేస్తే సగటు ఏడాది వస్తుంది. సగటు 4.5 అయితే 1759.68. చూడ్డానికి భలే కుదిరింది కదా? కానీ అది సగటు. 1720 నుంచి 1800 దాకా పరుచుకున్న చెత్తకి కూడా అదే అంకె రావచ్చు. ఐదేళ్ళ బడికి ఈ సూత్రం వాడితే పరీక్షకుడు మొదటి ప్రశ్న అక్కడే వేస్తాడు.

కంభం_చెరువు

పలక పుల్లల మీద కాస్త వివరంగా రాయాలి, దీని మీద తప్పుడు రాతలు బోలెడు.

మార్కాపురం పలకలు చూసి పెరిగినవాళ్ళకి పలక, బలపం అంటే బడే. అందుకే ఆ ముక్క కనబడగానే మనసు "బడి" అనేస్తుంది. కానీ పలక పుల్ల 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా వాడుకలో ఉంది. దుకాణదారు లెక్కలకీ, వడ్రంగి కొలతలకీ, ఇంట్లో బాకీ రాసుకోవడానికీ అదే పుల్ల. పైగా ఈ స్థలం కాలేజీ పక్కనే ఉంది. 1765 తర్వాత ఎవరి చేతిలోంచైనా జారి ఉండచ్చు.

ముక్కని పరిశీలించే పద్ధతి: నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో కడగండి, కొనని మాత్రం రుద్దద్దు. పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ కింద అడ్డుకోత చూడండి. పాతవి చేత్తో చెక్కినవి, అంచుల్లో పలకలుగా, నాలుగు నుంచి ఎనిమిది ముఖాలతో, ముఖాలన్నీ సమానంగా ఉండకుండా కనిపిస్తాయి. పొడవునా చాకు గీతలు ఉంటాయి. సరిగ్గా గుండ్రంగా, ఒకే మందంతో ఉంటే యంత్రం మీద తీసింది, ఎక్కువగా 19వ శతాబ్దం నాటిది. కొన ఒక పక్కకి అరిగి ఉంటే రాసిన పుల్ల, విరిగిన అంచు అరగకుండా ఉంటే విరిగాక ఆ వైపుతో రాయలేదు. పుల్ల పొడవు, మందం, కొన కోణం మూడూ రాసుకోండి. తుప్పు పట్టిన సన్న మేకు, ఎముక సూది ముక్క, సీసపు కడ్డీ కూడా మట్టిలో ఇలాగే కనిపిస్తాయి. అయస్కాంతం పెడితే మేకు తేలిపోతుంది, తూకం చూస్తే సీసం తేలిపోతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఈ బడిలో రాత నేర్పారా అన్నదే తేలని విషయం. సంస్థ కోరింది చదవడం, ప్రార్థన పుస్తకం, క్రైస్తవ ప్రశ్నోత్తరాలు, ఆడపిల్లలకు కుట్టుపని, అల్లిక. విద్య పేరుతో బానిసత్వానికి ఒదిగి ఉండమని నేర్పడం అందులో భాగమే, దాన్ని దాచకుండా రాయండి. రాత మాట ఆ నియమాల్లో లేదు. బడి జాబితాలో పేరున్న ఐజాక్ బీ 1774లో తప్పించుకుపోతే యజమాని లూయిస్ బర్వెల్ వర్జీనియా గెజెట్‌లో ప్రకటన వేయించాడు. వాడికి చదవడం వచ్చు, రాయడం వచ్చో రాదో నాకు తెలియదు అన్నది దాని సారాంశం. యజమాని భయం రాత గురించే. రాయగలిగినవాడు తనకి తానే ప్రయాణ అనుమతి చీటీ రాసుకుంటాడు.

కాబట్టి 1760–65 మధ్య మూసుకుపోయిన పొరలో ఒక్క అరిగిన పలక పుల్ల దొరికినా అది పెద్ద మాట. కలగాపులగం పొరలో యాభై దొరికినా ఏమీ చెప్పవు. ఎన్ని దొరికాయన్నది తర్వాత, ఏ పొరలో దొరికాయన్నది ముందు రాయండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన దగ్గర ఉంది. వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. మద్రాసు ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఆ పద్ధతినే తీసుకుని, తర్వాత ఇంగ్లండులో "మద్రాసు పద్ధతి" అని ప్రచారం చేశాడు. వందలమంది పిల్లలు అక్షరాలు నేర్చినా నేలలో ఒక్క పుల్ల మిగలదు. వస్తువు దొరకలేదు కాబట్టి చదువు లేదు అనుకోవడం కూడా అంతే తప్పు.

సౌమ్య_కె

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్ అండీ. కుట్టుపని మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా: రాత జాడ కంటే కుట్టు జాడ వెతకడమే మేలు కదా? సూదులు, గుండుసూదులు ఎక్కువ దొరికితే అది బడికి గట్టి ఆధారం అవుతుందా?

పొర_పొరకీ

మంచి ప్రశ్న. ఆధారం అవుతుంది, కానీ మీ జల్లెడ దాన్ని పారబోయకుండా ఉంటే.

అమెరికాలో మామూలుగా వాడేది పావు అంగుళం జాలీ, అంటే 6.35 మిల్లీమీటర్ల గడి. ఇత్తడి గుండుసూది పొడవు ఒక అంగుళం ఉన్నా మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నిలువుగా తిరిగిన మరుక్షణం కింద పడుతుంది. పూసలు, హుక్కులు, చిన్న గుండీలు కూడా అంతే. పావు అంగుళం జాలీతో తవ్వి "కుట్టు సామాను తక్కువ" అని రాసిన రిపోర్టుని నమ్మడానికి లేదు.

చేయాల్సింది: ప్రతి పొర నుంచి కనీసం 10 లీటర్ల మట్టి జల్లించకుండా పక్కకి తీసి, దాన్ని అంగుళంలో 16వ వంతు గడి ఉన్న జాలీ మీద, కిటికీ దోమతెర అంత సన్నది, నీళ్ళతో కడగాలి. ధార బలంగా పెడితే తుప్పు పట్టిన ఇనప సూదులు పొడి అవుతాయి, మొక్కలకి పోసే రోజా డబ్బా ధార చాలు. మిగిలినదాన్ని నీడన ఆరబెట్టి, ట్రేలో పట్టకారుతో ఏరాలి. బంకమట్టి అయితే రాత్రంతా నీళ్ళలో కాస్త వంటసోడా వేసి నానబెడితే గడ్డలు విడిపోతాయి. నేలమాళిగ అడుగు పొర, పొయ్యి ముందు భాగం, గుమ్మం పక్కన అయితే 10 లీటర్లు కాదు, మొత్తం మట్టీ ఇలాగే కడగాలి. చెక్క నేల సందుల్లోంచి సూదులు జారేది ఆ చోట్లకే.

దొరికిన గుండుసూది తలని లెన్స్ కింద చూడండి. 18వ శతాబ్దపు సూదికి తల వేరే తీగ. సన్న తీగని రెండు మూడు చుట్లు చుట్టి సుత్తితో నొక్కేవారు, ఆ చుట్టల గీత కనబడుతుంది. తల, కాడ ఒకటే ముక్కగా ఉంటే 1824లో ఆ యంత్రానికి పేటెంటు వచ్చాక చేసింది. ఒక్క చూపుతో పొర వయసు మీద మీకు పట్టు దొరుకుతుంది. అంగుస్తానా దొరికితే లోపలి వ్యాసం కొలవండి. పిల్లల వేలికి సరిపోయేంత చిన్నదైతే దాన్ని ప్రత్యేకంగా రాయండి, పెద్దల సైజుదైతే ఏ ఇంట్లోనైనా ఉండేదే.

అసలు చిక్కు అదే. ఆ కాలంలో కుట్టుపని లేని ఇల్లు లేదు. అందుకే లెక్క పోలికగా ఉండాలి: లీటరు మట్టికి ఎన్ని సూదులు, అదే పద్ధతిలో జల్లించిన పక్క ఇంటి పెరట్లో ఎన్ని. మీ స్థలంలో ఒక జాలీ, పక్క స్థలంలో ఇంకో జాలీ వాడి పోలిస్తే ఆ అంకెలకి విలువ లేదు.

చిత్తడి_నేల

సోమర్సెట్ అకాడమీ గురించి ఎవరూ అందుకోలేదు, నేను చెబుతాను. మేరీలాండ్ తూర్పు తీరం కింది భాగంలో, సోమర్సెట్ కౌంటీలో 1767లో మొదలైన ప్రైవేటు బడి అది. 1779లో వాషింగ్టన్ అకాడమీ అని పేరు మారింది. 1797లో కాలిపోయాక బడి ప్రిన్సెస్ ఆన్ ఊళ్ళోకి వెళ్ళింది. బ్రే స్కూల్‌తో పోలిస్తే నేలలో దీని పని సుళువు. ముప్పై ఏళ్ళు ఒకటే వాడకం, ఆ తర్వాత చోటు మారిపోయింది, నిప్పు గుర్తు అదనం.

ఇలాంటి పల్లెటూరి స్థలంలో చేసే తీరు సాధారణంగా ఇది. ముందు భూమి యజమాని రాతపూర్వక అనుమతి. తర్వాత గ్రిడ్, అంటే స్థలాన్ని సమాన గళ్ళుగా కొలిచి గుర్తు పెట్టడం. అమెరికాలో ఈ కాలపు స్థలాలకి ఎక్కువగా అడుగుల్లో, అడుగులో పదో వంతుల్లో కొలుస్తారు. 2.5 అంటే రెండడుగుల ఐదంగుళాలు కాదు, రెండున్నర అడుగులు. మన దగ్గరనుంచి వెళ్ళినవాళ్ళు మామూలు అంగుళాల టేపు పట్టుకుని ప్లాన్లు పాడుచేసేది ఇక్కడే. పదో వంతుల టేపు అడిగి తీసుకోండి.

25 అడుగులకి ఒకటి చొప్పున పార గుంతలు, అంటే నేలలో ఏముందో చూసే చిన్న పరీక్ష గుంతలు. ఒక్కోటి జానెడున్నర పైగా, సుమారు 40 సెంటీమీటర్ల వ్యాసం. దున్నిన పొర దాటి, రంగు మారిన అడుగు నేలలోకి మరో 10 సెంటీమీటర్లు వెళ్ళి ఆపాలి. దున్నిన పొర మామూలుగా 25–30 సెంటీమీటర్లు. ఒక్కో గుంతలో ఇటుక, గార, మేకులు, పింగాణీ వేరువేరుగా తూచి మ్యాపు మీద వేస్తే గుట్టలు కనబడతాయి. ఇటుక, గార గుట్ట ఉన్నది భవనం, పింగాణీ, ఎముకల గుట్ట ఉన్నది వంటిల్లో చెత్తకుప్పో. ఇటుకని లెక్కపెట్టకండి, తూచండి. నాగలి తగిలిన ఇటుక ఒకటి వంద ముక్కలవుతుంది, సంఖ్య చూసి భవనం ఎక్కడో ఉందనుకుంటారు.

నాగలి పైపొరని కలిపేస్తుంది గానీ వస్తువుల్ని మరీ దూరం లాక్కుపోదు, కొన్ని మీటర్లలోనే ఉంటాయి. అందుకే పైపొరని పొక్లెయినుతో ఎత్తి పారేసే ముందు అక్కడక్కడ 5 అడుగుల చదరాలు జల్లించి తీరాలి. ఆ తర్వాతే పళ్ళు లేని బకెట్‌తో పొరని గీకించి, వెంటనే తాపీలతో శుభ్రం చేస్తే గుంజల గుంతలు, పునాది కాలవలు నేలలో ముదురు మచ్చలుగా తేలతాయి. ఎండలో అరగంట వదిలితే రంగులు చెదిరి అన్నీ ఒకేలా కనబడతాయి. నీళ్ళు చల్లి, టార్పాలిన్ కప్పి, తడిగా ఉండగానే ఫొటో తీయాలి. ఆ తీరంలో నేల పల్లం, నీటిమట్టం పైనే ఉంటుంది. లోతైన గుంతల్లో నీళ్ళు ఊరతాయి కాబట్టి బావి, మరుగుదొడ్డి గుంతల్ని ఎండాకాలం చివరికి పెట్టుకోవడం తెలివైన పని.

పార పట్టకముందే మాగ్నెటోమీటరు (నేలలోని అయస్కాంత తేడాలు పట్టే యంత్రం) నడిపితే ఇంకా మంచిది, అర మీటరుకి ఒక వరస. కాలిన ఇటుక, పొయ్యి దిమ్మె బలంగా పలుకుతాయి. నడిపే మనిషి జేబులో ఫోను, తాళాలు, బెల్టు బకిల్ ఉండకూడదు. విలియమ్స్‌బర్గ్‌లాంటి ఊళ్ళో ఈ యంత్రం దాదాపు దండగ, పైపులు, కాంక్రీటులోని ఇనుము అన్నిటినీ మింగేస్తాయి. ఊళ్ళో అయితే తవ్వడానికి కొన్ని పనిదినాల ముందే 811కి ఫోన్ చేసి భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు వేయించుకోవాలి. అది చట్టం, మర్యాద కాదు.

కాలిన భవనం గుర్తులు: కరిగి ముద్దయిన కిటికీ గాజు, ఎర్రబారిన మట్టి, బొగ్గు పొర, ముఖ్యంగా మేకులు. నిప్పులో కాలిన ఇనుము మీద నల్లటి పొర కట్టి, అవి తుప్పు పట్టకుండా నిన్నటివిలా దొరుకుతాయి. చేత్తో కొట్టిన మేకులే అన్నీ ఉంటే 18వ శతాబ్దపు కట్టడం. యంత్రంతో కోసిన మేకులు 1790ల నుంచి వస్తాయి, అవి ఎక్కువైతే కాలిన తర్వాత అక్కడ ఇంకేదో కట్టారని చూడాలి. గారలో ఆల్చిప్ప ముక్కలు కనబడితే కంగారు పడద్దు. అక్కడ సున్నపురాయి అందుబాటులో లేక ఆయిస్టర్ చిప్పలు కాల్చి సున్నం చేసేవారు.

పిల్లలు అక్కడే ఉండి తిన్న బడి అయితే ఇంకో మార్గం ఉంది. ఒక కుటుంబం వాడే సామాను రకరకాలుగా ఉంటుంది. పదుల మందికి వడ్డించే చోట ఒకే రకం పళ్ళాలు, ముంతలు చాలా, కూజాలు, టీ సామాను తక్కువ. పెంకులు కాదు, అంచు ముక్కలు చూసి ఎన్ని పాత్రలో తేల్చి పోల్చండి.

దూలం_వాసం

చిత్తడి_నేల గారూ, మేకుల మాటకి చిన్న చేర్పు. చేత్తో కొట్టిన మేకులు 1800 తర్వాత కూడా వాడారు, ముఖ్యంగా తలుపు పట్టీలకి, మడత వేయాల్సిన చోట్లకి. అప్పటి కోత మేకు మడిస్తే విరిగేది. అంచేత నాలుగు చేతి మేకులు చూసి 18వ శతాబ్దం అనద్దు, మొత్తం మేకుల్లో ఏది ఎంత నిష్పత్తిలో ఉందో చూడండి.

కంభం_చెరువు

సౌమ్య గారికి రాతపని గురించి. తవ్వకపు స్థలాలకి ఇచ్చే నంబర్లు చూడగానే అర్థమయ్యేలా గుర్తుపెట్టుకోండి: ముందు రాష్ట్రం అంకె, తర్వాత కౌంటీ లేదా ఊరి అక్షరాలు, చివర క్రమ సంఖ్య. వర్జీనియా 44, మేరీలాండ్ 18. వస్తువుల పట్టిక సొంతంగా కనిపెట్టకండి. మాంటిచెల్లో (వర్జీనియాలో థామస్ జెఫర్సన్ ఎస్టేటు, ఇప్పుడు మ్యూజియం) నడిపే డాక్స్ (DAACS) డేటాబేస్ ఉచితం, పింగాణీ, గుండీలు, పూసలు, చిలుం గొట్టాలు ఎలా నమోదు చేయాలో దాని మాన్యువల్‌లో వరసగా ఉంది. బానిసత్వంలో ఉన్నవాళ్ళ నివాస స్థలాల కోసమే పెట్టింది కాబట్టి మీ పోలికలకీ అక్కడే అంకెలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో కూర్చుని కూడా వాడుకోవచ్చు.

మూడు విద్యార్థి జాబితాలు మిగిలాయి: 1762, 1765, 1769. వాటిలో మొత్తం 86 పేర్లు. మొత్తం మీద చదువుకున్నవాళ్ళు 300 నుంచి 400 దాకా ఉంటారని అంచనా. డిగ్స్ ఇంటి కాలానికి కచ్చితంగా వర్తించేది మొదటి జాబితానే. 1769 జాబితాలోని పిల్లల్ని ఆ నేలమాళిగకి అంటగట్టకండి, వాళ్ళు చదివింది వేరే చోట. పేర్ల వెనక మనుషుల్ని వెతికే పని విలియం అండ్ మేరీలోని బ్రే స్కూల్ ల్యాబ్ చేస్తోంది, ఆ పిల్లల వారసులతో కలిసే చేస్తోంది. ఆ కుటుంబాల మాట లేకుండా వస్తువుల మీదే రాస్తే మీ రిపోర్టు సగమే అవుతుంది.

చూడ్డానికి వెళ్తే రెండు చోట్లకీ వెళ్ళండి. ఇల్లు 2023 ఫిబ్రవరి 10న తరలించాక ఇప్పుడు ఫ్రాన్సిస్, నాసో వీధుల మూలన ఉంది. తవ్విన నేల మాత్రం ప్రిన్స్ జార్జ్ వీధి వైపు, గేట్స్ హాల్ దగ్గర. చాలామంది ఇల్లు చూసి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. మీకు కావాల్సిన పొరలు ఆ ఇంటి కింద లేవు.